గ్యారేజీ తలుపు బరువును మోస్తున్నది ఎవరు?

గ్యారేజీకి కొత్త తలుపు పెట్టించుకునేవారైనా, పాతదానితో విసిగిపోయినవారైనా ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ మోటారు మంచిది? చెయినుదా, బెల్టుదా, గోడకు బిగించేదా, ఫోనుతో పనిచేసేదా? నేను బదులుగా ఇంకో ప్రశ్న వేస్తాను. మీ తలుపును మోటారు సాయం లేకుండా ఎప్పుడైనా చేత్తో ఎత్తి చూశారా? చాలామంది చూసి ఉండరు. అసలు ఎత్తగలమనే అనుకోరు. రెండు కార్లు పట్టే స్టీలు తలుపు సుమారు 70 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది, కొయ్యదైతే ఇంకా ఎక్కువ. అంత బరువును ఆ చిన్న మోటారు రోజూ ఎలా ఎత్తుతోందని ఆలోచిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మోటారు ఎత్తడం లేదు. ఎత్తుతున్నవి స్ప్రింగులు. బరువంతా అవి మోస్తుంటే తలుపును ముందుకూ వెనక్కూ నడిపించడమే మోటారు పని.

అందుకే తలుపు, మోటారు, మరమ్మతు, దేన్ని ఎంచుకోవలసి వచ్చినా నేను ఒకటే చూస్తాను. ఏదైనా తెగినా, విరిగినా, కరెంటు పోయినా ఆ బరువు ఎవరి మీద పడుతుంది?

ముందు చేత్తో ఎత్తి చూడండి

తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు కప్పు కింద మోటారు నుంచి తలుపు దాకా సాగే పట్టీకి వేలాడుతున్న తాడును చూడండి. దాని చివర సాధారణంగా ఎర్రటి పిడి ఉంటుంది. దాన్ని లాగితే మోటారుకూ తలుపుకూ మధ్య లంకె విడిపోతుంది. ఇప్పుడు తలుపును రెండు చేతులతో నెమ్మదిగా నడుము ఎత్తు దాకా లేపి, పాదాలు దాని కింద లేకుండా చూసుకుని చేతులు వదలండి. తూకం కుదిరిన తలుపు అక్కడే నిలబడుతుంది. బెత్తెడు కిందికో పైకో జారినా పరవాలేదు. ధబ్బున కిందికి దిగిపోతే స్ప్రింగు అలసిపోయిందని అర్థం. తనంతట తాను పైకి ఎగబాకితే స్ప్రింగు బిగింపు ఎక్కువైందని అర్థం. మూసి ఉన్న తలుపు ఎంత లేపినా కదలకపోతే ప్రయత్నం అక్కడితో ఆపండి, స్ప్రింగు విరిగి ఉండవచ్చు.

తలుపు తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఆ ఎర్ర పిడి జోలికి పోకండి. స్ప్రింగు విరిగి ఉంటే తలుపును పైన పట్టుకుని ఉన్నది ఆ లంకె ఒక్కటే. అది విడిపోయిన మరుక్షణం మొత్తం బరువు కిందికి వచ్చేస్తుంది.

ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. దీని ఫలితం తెలియకుండా కొత్త మోటారు కొనడం, మడమ నొప్పికి కొత్త చెప్పులు కొన్నట్టే. చెప్పులు బాగానే ఉంటాయి, నొప్పి మాత్రం తగ్గదు.

స్ప్రింగులు: సాగేవా, మెలి తిరిగేవా?

ఎంపికల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. అయినా తలుపు కొనేటప్పుడు దీని గురించి అడిగేవారు అరుదు.

మొదటి రకం సాగే స్ప్రింగులు. తలుపు పైకి వెళ్లినప్పుడు లోపలికి సాగే అడ్డ పట్టాల పక్కన, ఒక్కో వైపు ఒక్కోటి పొడవుగా ఉంటాయి. తలుపు మూసినప్పుడు సాగుతాయి, తెరిచినప్పుడు ముడుచుకుంటాయి. రెండో రకం మెలి తిరిగే స్ప్రింగులు. తలుపు పైన గోడకు బిగించిన ఇరుసు మీద చుట్టుకుని ఉంటాయి. తలుపు మూసేకొద్దీ వీటిలో మెలి బిగుస్తుంది, తెరిచేకొద్దీ సడలుతుంది. ఇరుసు చివర్లలోని గిలకల మీదుగా వెళ్లే ఉక్కు కేబుళ్లు తలుపు అడుగును పట్టుకుని ఉంటాయి.

సాగే రకం చవక, బిగించడమూ తేలిక. పైన ఇరుసుకు చోటు చాలని గ్యారేజీల్లో కొన్నిసార్లు వేరే దారి ఉండదు. కానీ విరిగినప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. సాగదీసిన ఉక్కు తెగితే కొరడాలా ఎగురుతుంది. కారు అద్దం మీద పడుతుందో, మనిషి మీద పడుతుందో చెప్పలేం. అందుకే ప్రతి సాగే స్ప్రింగు మధ్యలోంచి ఒక సన్నని ఉక్కు కేబులు దూర్చి, దాని రెండు చివరలనూ గట్టిగా కట్టాలి. స్ప్రింగు తెగినా ఆ కేబులు మీదే వేలాడుతుంది. మీ ఇంట్లో సాగే స్ప్రింగులు ఉంటే చదవడం ఆపి, వెళ్లి ఆ కేబులు ఉందో లేదో చూసి రండి. లేకపోతే మిగతా నిర్ణయాలన్నీ దాని తరువాతే.

మెలి తిరిగే రకం విరిగినప్పుడు ముక్కలు ఇరుసు మీదే ఉండిపోతాయి. తూకం నిలకడగా ఉంటుంది, తలుపు ఒక పక్కకు ఒరగకుండా కదులుతుంది. నా ఓటు దీనికే, అదీ ఒకటి కాకుండా రెండు స్ప్రింగులు ఉన్నదానికి. ఒకటి పోయినా రెండోది సగం బరువు మోస్తూ తలుపు ధబ్బున పడిపోకుండా అడ్డుకుంటుంది. మార్చేటప్పుడు మాత్రం రెండూ కలిపి మార్చాలి. రెండూ ఒకే రోజు పనిలో చేరాయి, ఒకటి అలసిపోతే రెండోది కూడా అదే దారిలో ఉన్నట్టే.

ఎంత కాలం వస్తాయని అడిగితే ఏళ్లలో చెప్పడం సరికాదు, తెరిచి మూసిన సార్లలో చెప్పాలి. మామూలు స్ప్రింగును 10,000 సార్లకు లెక్కగట్టి తయారుచేస్తారు. ఒకసారి తెరిచి మూస్తే ఒకటి. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో అది 2,500 రోజులు, అంటే ఏడేళ్లకు కాస్త తక్కువ. 25,000 సార్లకు తయారైనది పెట్టించుకుంటే అదే వాడకంతో 17 ఏళ్లు. గ్యారేజీ తలుపునే వీధి గుమ్మంలా వాడుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. బడికి, ఆఫీసుకు, కూరగాయలకు అన్నింటికీ అదే దారి. అలాంటి ఇంట్లో రోజుకు పదిసార్లు లెక్క వేస్తే మామూలు స్ప్రింగు మూడేళ్లు కూడా నిలవదు. మీ ఇంట్లో ఒక రోజు లెక్కపెట్టి చూసుకుని, తరువాతే రకం ఎంచుకోండి.

ఈ పాఠం మాకు శబ్దంతో వచ్చింది. ఒక తెల్లవారుజామున లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. ఇల్లంతా తిరిగి చూశాం, ఏమీ కనబడలేదు. పొద్దున బటను నొక్కితే మోటారు మూలిగింది, తలుపు జానెడు లేచి ఆగిపోయింది. తలెత్తి చూస్తే బాగుండేది. నేను ఇంకో రెండుసార్లు నొక్కాను. తరువాత వచ్చిన మెకానిక్ ముందు పైకి వేలు చూపించాడు. ఇరుసు మీద స్ప్రింగు రెండు ముక్కలై, మధ్యలో మూడు వేళ్ల సందు ఉంది. ఆ తరువాత మోటారు మూత విప్పి, లోపల రాలిన తెల్లటి పొడిని నా అరచేతిలో పోశాడు. స్ప్రింగు మోయవలసిన బరువును మోటారు చేత మోయించబోయి అరగదీసిన ప్లాస్టిక్ పళ్లచక్రం అది. స్ప్రింగుకు అయ్యే ఖర్చుతో పోయేది, నా తొందర వల్ల మోటారు మరమ్మతు కూడా తోడైంది.

తలుపు ఆకారం

పలకల తలుపు అంటే అడ్డంగా నాలుగైదు పలకలు మడతబందులతో కలిసి, పక్క పట్టాల వెంట పైకి వెళ్లి కప్పు కింద పడుకునేది. చాలా ఇళ్లకు ఇదే సరిపోతుంది. ఏదైనా పలక దెబ్బతింటే దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. దాదాపు ఆనుకునేలా ఎదురుగా కారు ఆపినా ఈ తలుపు తెరుచుకుంటుంది. దీని లోపం పలకల మధ్య సందులు. తలుపు వంపు తిరిగేటప్పుడు ఆ సందులు తెరుచుకుని, మళ్లీ మూసుకుంటాయి. పిల్లల వేళ్లు అక్కడ పడితే జరిగేది ఊహించుకోవచ్చు. వేళ్లు దూరకుండా అంచులను మలిచిన పలకలు దొరుకుతాయి. పిల్లలున్న ఇంటికి నేను రంగు, నగిషీల కంటే ముందు దాన్నే చూస్తాను. చేత్తో మూసే తలుపైతే లోపలా బయటా పిడులు ఉండాలి, లేకపోతే చేయి నేరుగా ఆ సందులోకే వెళుతుంది.

ఒకే పలకగా పైకి ఒరిగే తలుపు పాత ఇళ్లలో ఎక్కువ. తెరిచేటప్పుడు దాని అడుగు బయటికి తన్నుకొస్తుంది. ఎదురుగా కారు ఆపినా, ఎవరైనా నిలబడినా తగులుతుంది. దీని స్ప్రింగులు రెండు పక్కలా చేతికి అందే ఎత్తులో బయటికే కనబడతాయి. ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడుకోవచ్చు కానీ కొత్తగా ఎంచుకోవడానికి నాకు కారణం కనబడదు.

చుట్టుకునే షట్టరు అందరికీ తెలిసిందే. కప్పంతా ఖాళీగా ఉంటుంది, చోటు తక్కువున్న గ్యారేజీకి ఇది వరం. కానీ చాలా షట్టర్లలో బరువును మోసేది గొట్టంలో దాగిన మోటారే, తోడుగా స్ప్రింగు ఉండదు. లోపలి పళ్లచక్రం విరిగితే షట్టరు జారి పడకుండా పట్టుకునే సేఫ్టీ బ్రేకు ఉందా అని అడగండి. అమ్మేవారు నీళ్లు నమిలితే ఇంకోచోటికి వెళ్లండి.

పక్కలకు తెరుచుకునే రెండు రెక్కల తలుపును ఇప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. నాకైతే దాని మీద గౌరవమే. తల మీద బరువు ఉండదు, స్ప్రింగు ఉండదు, కరెంటు పోతే గొళ్లెం తీసుకుని బయటపడవచ్చు. బయట రెక్కలు తిరగడానికి చోటు, గాలికి కొట్టుకోకుండా పట్టి ఉంచే కొక్కెం ఉంటే చాలు.

మోటారు: చెయినా, బెల్టా, గోడ మీదా?

పై సంగతులు తేలాకే దీని వంతు. తూకం కుదిరిన తలుపుకు అర హార్స్‌పవర్ మోటారు చాలావరకు సరిపోతుంది. పెద్ద కొయ్య తలుపైతే పైమెట్టుకు వెళ్లవచ్చు. తూకం చెడిన తలుపుకు ఎంత పెద్దది పెట్టినా బలం స్ప్రింగు పనికే ఖర్చవుతుంది, నాకు తెల్లటి పొడి మిగిలినట్టే మీకూ మిగులుతుంది.

చెయిను మోటారు మొరటుది, మన్నిక గలది, చవక. గడగడమని చప్పుడు చేస్తుంది. గ్యారేజీ ఇంటికి దూరంగా విడిగా ఉంటే ఆ చప్పుడు ఎవరికి కావాలి, ఇదే తీసుకోండి. గ్యారేజీ పైన పడకగది ఉంటే బెల్టు మోటారుకే వెళ్లండి. ఉక్కు తీగలో, గాజు నారో దట్టించిన రబ్బరు బెల్టు మీద నడుస్తుంది కాబట్టి చప్పుడు చాలా తక్కువ. రాత్రి పనులకు వెళ్లేవారున్న ఇంట్లో ఆ తేడాకు ఖర్చు పెట్టవచ్చు. మరతో నడిచే రకంలో పొడవాటి మరకమ్మీ మీద తలుపును లాగే ముక్క జరుగుతూ ఉంటుంది. కదిలే భాగాలు తక్కువే కానీ ఎండకూ చలికీ వాతావరణం బాగా మారే చోట గ్రీజు తరచూ చూసుకోవాలి. దాన్ని మరచిపోయే మనిషో కాదో మీకే తెలుసు కాబట్టి నేను ఎక్కువ చెప్పను.

గోడకు బిగించే మోటారు తలుపును లాగదు, ఇరుసునే నేరుగా తిప్పుతుంది. కప్పు ఖాళీ అవుతుంది, చప్పుడు తక్కువ. మెలి తిరిగే స్ప్రింగు, ఇరుసు ఉన్న తలుపుకే ఇది పనిచేస్తుంది, సాగే స్ప్రింగుల తలుపుకు పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. దిగే తలుపు దేనికైనా తట్టుకుని ఆగినా ఇరుసు తిరుగుతూనే ఉంటే కేబుళ్లు వదులై గిలకల మీంచి జారిపోతాయి. అందుకే కేబులు వదులైతే పసిగట్టే పరికరం దీనికి తప్పనిసరి. అది పెట్టెలోనే వచ్చినా బిగించకుండా వదిలేసే పనివారు ఉంటారు, పక్కన నిలబడి చూసుకోండి.

కరెంటు పోయినప్పుడు నడిపించే బ్యాటరీ కావాలా అనేది చాలామంది విలాసంగా చూస్తారు. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు కరెంటు లేక తలుపులు తెరుచుకోక కొందరు గ్యారేజీల్లోనే చిక్కుకున్నారు. ఆ తరువాతే ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి అమ్మే, బిగించే ప్రతి కొత్త ఇంటి మోటారుకూ బ్యాటరీ ఉండాలని చట్టం చేసింది. ఎర్ర పిడి లాగి చేత్తో ఎత్తవచ్చు కదా అంటారు. నిజమే, తూకం సరిగ్గా ఉంటే, లాగేవారికి ఆ ఎత్తు అందితే, పొగలో ఆ పిడి కనబడితే. ఇంట్లో పెద్ద వయసువారు ఒంటరిగా ఉంటున్నా, గ్యారేజీకి వేరే తలుపు లేకపోయినా బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. మిగతావారు మానుకున్నా నష్టం లేదు కానీ, ఆ పిడిని లాగడం ఇంట్లో అందరి చేతా ఒకసారి చేయించండి.

ఫోనుతో తెరిచే సదుపాయం గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. తలుపు మూశామో లేదో దారిలో గుర్తురాక వెనక్కి తిరిగే అలవాటు ఉన్నవారికి మాత్రం అది మనశ్శాంతి.

బేరం ఆడకూడని చోటు

కంటి సెన్సర్లు రెండు పక్కలా నేల దగ్గర ఎదురెదురుగా ఉంటాయి. మధ్య కంటికి కనబడని కాంతి రేఖ సాగుతుంది. దానికి ఏదైనా అడ్డు వస్తే దిగుతున్న తలుపు వెనక్కి పైకి వెళ్లాలి. రెండోది ఒత్తిడిని బట్టి వెనక్కి మళ్లే గుణం. తలుపు దేనికైనా తగిలితే అక్కడే ఆగిపోవడం చాలదు, తిరిగి పైకి లేవాలి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇంటి మోటార్లకు తగిలినప్పుడు వెనక్కి మళ్లే గుణంతో పాటు కంటి సెన్సరు లాంటి రెండో రక్షణ కూడా చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లలు తలుపు కింద చిక్కి ప్రాణాలు కోల్పోయిన ఘటనలే ఆ చట్టానికి కారణం. కాబట్టి సెన్సర్లున్న మోటారా, లేనిదా అనే పోలికే అవసరం లేదు. లేనిది పనిచేస్తున్నా సరే, మార్చేయండి.

సెన్సర్లు నేలకు 15 సెంటీమీటర్ల లోపు ఎత్తులో ఉండాలి. కొందరు పనివారు వంగే శ్రమ లేకుండా మోకాలి ఎత్తున బిగిస్తారు. నేల మీద పడుకున్న పసిబిడ్డకూ పిల్లికీ ఆ ఎత్తు ఎందుకూ కొరగాదు. ఇంకా ఘోరం ఏమిటంటే, సెన్సర్లు సరిగ్గా పనిచేయడం లేదని రెండింటినీ విప్పి, మోటారు పక్కన కప్పుకు ఎదురెదురుగా టేపుతో అంటించడం. నేను కళ్లారా చూశాను. తలుపు చక్కగా మూసుకునేది, రక్షణ మాత్రం సున్నా. సెన్సరు మొరాయిస్తే ముందు అద్దం మీది సాలెగూడు, దుమ్ము మెత్తటి గుడ్డతో తుడవండి. పక్కనున్న చిన్న దీపం నిలకడగా వెలగకపోతే కన్ను పక్కకు తిరిగిందని అర్థం, దాన్ని చేత్తో సరిచేసి మర బిగించండి. సాయంకాలం ఎండ నేరుగా పడే వేళల్లోనే తంటా వస్తుంటే రెండు కళ్లనూ అటువి ఇటు మార్చి చూడండి.

నెలకు ఒకసారి ఈ పరీక్ష చేయండి. సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉన్న చెక్కను తలుపు దిగే చోట నేల మీద పడుకోబెట్టి బటను నొక్కండి. తలుపు చెక్కకు తగిలి రెండు సెకన్లలోపు వెనక్కి లేవాలి. తరువాత ఇంకోసారి దింపుతూ సెన్సర్ల మధ్య చీపురు అడ్డం పెట్టండి. రెండింటిలో ఏది తప్పినా బాగుచేయించే దాకా మోటారును వాడకండి. గోడ బటను పిల్లలకు అందకుండా 1.5 మీటర్ల ఎత్తున, నొక్కేవారికి తలుపు కనబడే చోట ఉండాలి.

మీ చేతి పని ఎంతవరకు, మెకానిక్ పని ఎక్కడినుంచి

గ్రీజు సంగతి ముందు. ఇంట్లో ఉండే తుప్పు వదిలించే పలుచని స్ప్రే కొడితే కీచుమనే చప్పుడు ఆ పూటకు పోతుంది, తరువాత మళ్లీ మొదలవుతుంది. దాని పని మురికిని, తేమను వదిలించడమే, అరుగుదలకు అడ్డుపడేంత పొర మిగలదు. వాడవలసినవి సిలికాన్ స్ప్రే గానీ తెల్లని లిథియం గ్రీజు గానీ. ఏడాదికి రెండుసార్లు మడతబందులకు, రోలర్ల ఇరుసు మొదట్లో ఉండే బేరింగులకు, స్ప్రింగుల మీద పలుచగా పట్టించండి. నైలాను రోలరైతే చక్రం మీద కొట్టకండి, బేరింగుకే చాలు. పట్టాలకు గ్రీజు పూయడం అందరూ చేసే పొరపాటు. అక్కడ పూసిన గ్రీజు దుమ్మును పోగేసుకుని ముద్దకట్టి రోలరుకు అడ్డం పడుతుంది. పట్టాలను తడిగుడ్డతో తుడిచి వదిలేయాలి.

రోలర్లలో ఉక్కువి చవక, చప్పుడు ఎక్కువ. బేరింగు ఉన్న నైలాను రోలర్లు మెత్తగా నడుస్తాయి. మోటారు చప్పుడని అందరూ తిట్టుకునేదానిలో సగం అరిగిన ఉక్కు రోలర్లదే. మోటారు మార్చే ముందు రోలర్లు మార్పించి చూడండి. నాలుగు పలకల మామూలు తలుపుకు పది రోలర్లు ఉంటాయి. వాటిలో అడుగున ఉన్న రెండింటిని మాత్రం ముట్టుకోకండి. అవి కూర్చున్న బిళ్లకే ఉక్కు కేబులు కట్టి ఉంటుంది, ఆ కేబులులో స్ప్రింగు బలమంతా నిలిచి ఉంటుంది. నాలుగు మరలు విప్పితే ఊడిపోయే మామూలు బిళ్లలాగే కనబడుతుంది. ఊడిన క్షణంలో చేతివేళ్లు అక్కడ ఉండకూడదు. చాలా తలుపుల్లో ఆ మరలకు ఎర్ర రంగు వేసేది అందుకే.

తుడవడం, గ్రీజు, కదలిక వల్ల వదులైన పట్టా బోల్టులను పానాతో బిగించడం, అడుగు రబ్బరు మార్చడం, సెన్సర్లు సర్దడం మీరు చేసుకోవచ్చు. స్ప్రింగులు, కేబుళ్లు, గిలకలు, అడుగు బిళ్లలు మెకానిక్‌వి. ఏడడుగుల తలుపుకు మెలి స్ప్రింగును సుమారు ఏడున్నర చుట్లు తిప్పుతారు, పావు చుట్టు చొప్పున ముప్పైసార్లు. ప్రతిసారీ సరైన కొలత గల ఉక్కు కమ్మీని రంధ్రంలో దూర్చి, రెండోది పెట్టాకే మొదటిది తీస్తారు. కమ్మీ బదులు స్క్రూడ్రైవర్ పెట్టి చేతి ఎముక విరగ్గొట్టుకునేవారు ఉంటూనే ఉంటారు. వీడియో చూసి చేసేయవచ్చని ధీమా వస్తుంది. ముప్పైసార్లలో ఇరవై తొమ్మిది సరిగ్గా చేసినా చాలదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

రిమోటు, దొంగ

పాత రిమోట్లలో చిన్న చిన్న స్విచ్చులు పైకీ కిందికీ జరిపి కోడు పెట్టేవారు. ఎనిమిది స్విచ్చులైతే 256 కోడులు, పన్నెండైతే 4,096. మనిషికి ఎక్కువే, యంత్రానికి లెక్కే కాదు. 2015లో భద్రతా పరిశోధకుడు సామీ కమ్కార్ పిల్లలు సందేశాలు పంపుకునే ఒక బొమ్మను మార్చి, ఇలాంటి స్థిర కోడు తలుపును పది సెకన్లలోపు తెరవవచ్చని చూపించారు. నొక్కిన ప్రతిసారీ కోడు మారే రిమోటే తీసుకోండి. మీ మోటారు స్విచ్చుల కాలం నాటిదైతే అది సెన్సర్ల చట్టం కంటే కూడా పాతదయ్యే అవకాశం ఉంది, రెండు కారణాలూ ఒకేచోట దొరికినట్టే.

ఎర్ర పిడి ఇక్కడ కూడా ఒక చిక్కు తెస్తుంది. తలుపు పై సందులోంచి వంచిన తీగ దూర్చి దొంగలు ఆ లంకెను లాగగలరు. దానికి భయపడి కొందరు తాడు కోసేస్తారు. అలా చేయకండి, అది మీరు ప్రాణాలతో బయటపడే దారి. తీగ అందకుండా లంకె ముందు అడ్డుపలక బిగిస్తే పని జరుగుతుంది.

తలుపు వెనక గది

తలుపు ఎంత మంచిదైనా అది మూసేది ఒక ప్రమాదకరమైన గదిని. కారు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. గ్యారేజీ తలుపు తెరిచే ఉందిలే అని కారు ఇంజను వేడెక్కనివ్వడం, జనరేటరు నడపడం చేస్తే ఆ గాలి ఇంట్లోకి పాకుతుంది. బటనుతో స్టార్టయ్యే కార్లలో ఇంజను ఆపడం మరచి లోపలికి వెళ్లిపోయి నిద్రలోనే చనిపోయినవారు ఉన్నారు.

ఏ అలారం ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. కార్బన్ మోనాక్సైడు అలారాన్ని గ్యారేజీలో పెడితే కారు తీసిన ప్రతిసారీ మోగి మోగి, చివరికి ఎవరో దాని బ్యాటరీ తీసేస్తారు. దాని చోటు ఇంటి లోపల, పడకగదుల దగ్గర. గ్యారేజీలో పొగ అలారం కూడా దుమ్ముకూ కారు పొగకూ ఉత్తుత్తినే మోగుతుంది. అక్కడ వేడిని పసిగట్టే అలారం పెట్టాలి. చాలావరకు అవి 57 డిగ్రీల సెల్సియస్ దగ్గర మోగేలా ఉంటాయి. ఇంట్లోని అలారాలతో కలిసి మోగేలా లంకె ఉంటేనే దానివల్ల ఉపయోగం, గ్యారేజీలో ఒంటరిగా మోగితే అర్ధరాత్రి వినేది ఎవరు?

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతూ మంటను వెతుక్కుంటుంది. గ్యాసు గీజరు గ్యారేజీలో ఉంటే దాని మంట నేలకు కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలనేది అందుకే. పెట్రోలు, కిరోసిన్, రంగు పలుచన చేసే నూనెలు ఇంధనం కోసమే తయారైన డబ్బాల్లో, కుదిరితే బయట విడి కొట్టంలో పెట్టండి. విద్యుత్ స్కూటర్ల బ్యాటరీల ఛార్జింగు ఇంట్లోకి దారితీసే తలుపు దగ్గర పెట్టకండి. అంటుకుంటే మీ దారికే అడ్డం.

ఆ లోపలి తలుపు గట్టి చెక్కదై ఉండాలి. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళిలో దానికి 35 మిల్లీమీటర్ల మందం గానీ 20 నిమిషాల పాటు మంటను ఆపే గుణం గానీ అడుగుతారు. గ్యారేజీ నుంచి నేరుగా పడకగదిలోకి తలుపు ఉండకూడదనీ అందులో ఉంది. తనంతట తాను మూసుకునే స్ప్రింగు బందు బిగించండి. చేతుల్లో సంచులతో వచ్చినప్పుడు అది విసిగిస్తుంది, దానికి ఇటుక అడ్డం పెట్టాలనిపిస్తుంది. ఇటుకను ఇంట్లోంచే తీసేయండి.

బాగుచేయించాలా, మార్చాలా?

స్ప్రింగు, రోలర్లు, కేబులు, పళ్లచక్రం వంటివి పోతే బాగుచేయించడమే లాభం. పలకలు వంగి పట్టాలోంచి తప్పుకుంటున్నా, కొయ్య తలుపు అడుగు చీకి మరలు నిలవకపోయినా తలుపు మార్చాలి. మోటారుకు సెన్సర్లు లేకపోతే, చెక్క పరీక్షలో వెనక్కి మళ్లకపోతే, ఎంత ఒత్తిడికి వెనక్కి మళ్లాలో సర్దే మరను ఎంత తిప్పినా ఫలితం మారకపోతే మోటారు మార్చాలి. తలుపు కొత్తదైతే స్ప్రింగులు కూడా దాని బరువుకు తగ్గవే కావాలి. పాత స్ప్రింగుల మీద ఇంకాస్త బరువైన తలుపు తగిలిస్తే తూకం మొదటి రోజే చెడుతుంది. వేడి, చప్పుడు రాకుండా లోపల దట్టింపు ఉన్న పలకలు వేయించినా, తరువాత ఎప్పుడో అద్దాలు పెట్టించినా ఇదే లెక్క.

బిగించిన మనిషి సామాన్లు సర్దుకుని డబ్బు కోసం నిలబడినప్పుడు ఇంకో పని మిగిలి ఉంటుంది. తలుపు మూయించి, ఎర్ర పిడి లాగించి, మోటారు లేకుండా చేత్తో నడుము ఎత్తు దాకా ఎత్తి వదిలేయమనండి. తలుపు అక్కడే నిలబడితే డబ్బు ఇవ్వండి.